దొడ్డి కొమరయ్య: పందొమ్మిదేళ్ల గొర్ల కాపరి.. ఒక్క తూటాతో ఊళ్లకు ఊళ్లు ఎలా లేచాయి?

బుద్వేల్: ఇక్కడి నుంచి ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కి గచ్చిబౌలి వైపు వెళ్తే దారిలో కోకాపేట వస్తుంది. ఆకాశాన్నంటే టవర్లున్న ఆ కోకాపేటలోనే ఓ భవనం ఉంది. పేరు దొడ్డి కొమరయ్య కురుమ భవనం. 2024 డిసెంబరులో ప్రారంభమైంది. ఎయిర్‌పోర్టు ట్రిప్పులు కొట్టే క్యాబ్ డ్రైవర్ల నుంచి ఐటీ ఉద్యోగుల దాకా ఈ పేరు ఎక్కడో ఒకచోట వినే ఉంటారు. ఏప్రిల్ 3 వస్తే జయంతి, జూలై 4 వస్తే వర్ధంతి. నాయకుల పోస్టులు, విగ్రహాలకు దండలు, వాట్సాప్ స్టేటస్‌లు. కానీ అసలు ఆయన ఏం చేశారని అడిగితే చాలామంది చెప్పే జవాబు ఒక్కటే.. తెలంగాణ సాయుధ పోరాటంలో తొలి అమరుడు. కథ అక్కడే ఆగిపోతుంది.

ఆ జవాబులోనే ఒక చిక్కుంది. కొమరయ్య చనిపోయిన రోజుకి సాయుధ పోరాటం ఇంకా మొదలవ్వలేదు. ఆయన చేతిలో తుపాకీ లేదు. దొరల చేతుల్లో చనిపోయిన మొదటి మనిషి కూడా ఆయన కాదు. మరి తొలి అమరుడు ఆయనే ఎందుకయ్యారు? ఈ ఒక్క ప్రశ్నకు జవాబు వెతికితే తెలంగాణ ఊళ్లు ఎలా లేచాయో అర్థమవుతుంది.

ఇంతకీ ఎవరీ కొమరయ్య?

ఊరు కడవెండి. ఇప్పుడు జనగామ జిల్లా దేవరుప్పుల మండలంలో ఉంది. అప్పట్లో నల్గొండ జిల్లా జనగామ తాలూకా. 1927 ఏప్రిల్ 3న పుట్టారని జయంతి జరుపుతారు. కురుమ కులం. గొర్లు మేపుకునే ఇల్లు. అన్న పేరు దొడ్డి మల్లయ్య.

ఆయన జీవితం గురించి రాతలో దొరికేది దాదాపు ఇంతే. గొర్ల కాపరి పిల్లాడు ఏం తిన్నాడు, ఏ బడికి పోలేదు, ఎవరిని ఇష్టపడ్డాడు.. ఇవన్నీ రాసి పెట్టేవాళ్లు ఆ రోజుల్లో ఎవరున్నారు? పోరాటం మీద వచ్చిన పుస్తకాల్లో ఆయన కనిపించేది ఒక్క రోజు. 1946 జూలై 4. ఆ రోజుకి ఆయన వయసు పందొమ్మిదేళ్లు. అంటే ఇవాళ డిగ్రీ సెకండియర్ చదివే కుర్రాడి వయసు.

అందుకే ఆయన కథ చెప్పాలంటే ఆయన చుట్టూ ఉన్న ఊరి గురించి చెప్పాలి.

గడి నీడలో కడవెండి

నిజాం రాజ్యంలో మొత్తం 16 జిల్లాలు. అందులో తెలుగు మాట్లాడేవి 8. భూమిలో సుమారు 10 శాతం నిజాం సొంత ఆస్తి, దాన్ని సర్ఫెఖాస్ అనేవాళ్లు. మరో 30 శాతం జాగీర్లు. మిగిలిన 60 శాతం ప్రభుత్వం నేరుగా పన్ను వసూలు చేసే దివానీ భూములు. హైదరాబాద్ నగరం చుట్టూ ఉన్న అత్రాఫ్ బల్దా జిల్లా సర్ఫెఖాస్ కిందే ఉండేది. శంషాబాద్‌కు ఆ పేరు పాయిగా ప్రభువుల శమ్స్-ఉల్-ఉమ్రా బిరుదు నుంచి వచ్చిందంటారు. అంటే బుద్వేల్, శంషాబాద్ చుట్టుపక్కల నేల నిజాందో, నవాబులదో. జనగామ వైపు మాత్రం కథ వేరు. అక్కడ కాగితం మీద దివానీ భూమే ఉన్నా, నడిచేది దేశ్‌ముఖ్‌ల రాజ్యం.

ఒకప్పుడు దేశ్‌ముఖ్‌లు సర్కారు తరఫున పన్ను వసూలు చేసేవాళ్లు. సాలార్‌జంగ్ సంస్కరణలతో ఆ పని పోయింది. కానీ భూములు పోలేదు, పెత్తనం పోలేదు. పట్వారీ చేతిలో లెక్కల పుస్తకం, దొర చేతిలో పట్వారీ. రైతు తరాలుగా దున్నుకుంటున్న చెలక ఒక్క రాత్రిలో దొర పేరు మీదకు మారిపోయేది. రైతుకు ఆ సంగతి తెలిసేది ఎప్పుడంటే, దొర మనుషులు పంట కోయడానికి వచ్చినప్పుడు.

కడవెండి మీద పెత్తనం విసునూరు దేశ్‌ముఖ్ రాపాక రామచంద్రారెడ్డిది. ఆయన కింద సుమారు 40 వేల ఎకరాలు, 60 ఊళ్ల దాకా ఉండేవని చెబుతారు. ఆయన తల్లి జానకమ్మ కడవెండి గడిలోనే ఉండేది. ఊళ్లో ఆమె మాటే చట్టం.

ఇక వెట్టి. ఈ మాట ఇప్పుడు పుస్తకాల్లో మాత్రమే వినిపిస్తుంది కాబట్టి కాస్త వివరంగా చెప్పుకుందాం. దొరకు ప్రతి కులమూ ఊరికే ఏదో ఒకటి చేసి పెట్టాలి. చాకలి బట్టలు ఉతకాలి, గడిలో ఇంటిపని చేయాలి. కుమ్మరి కుండలివ్వాలి. మాదిగ చెప్పులు కుట్టాలి, మోటకు తోలు పని చేయాలి. రైతు ముందు దొర పొలం దున్ని, తర్వాతే తన పొలం చూసుకోవాలి. గొల్ల కురుమలైతే గడిలో పండగొచ్చినా, పెళ్లైనా, అధికారి దిగినా గొర్రెను తోలుకెళ్లి అప్పగించాలి. పైసా రాదు. కొమరయ్య ఇంటికి ఈ వెట్టి ఏమిటో ఎవరూ నేర్పాల్సిన పనిలేదు. మందలోంచి ఒక్కో గొర్రె తగ్గుతుంటే లెక్క వాళ్లకే తెలుస్తుంది.

ఆరేళ్ల ముందు ఒక హత్య

1940లో కామారెడ్డిగూడెంలో ఒక మనిషిని చంపారు. ఆయన పేరు షేక్ బందగీ. చిన్న రైతు. తన భూమి కోసం కోర్టుకెక్కారు. అవతలి పక్షం వెనక ఉన్నది ఇదే విసునూరు దొర. బందగీ వెనక్కి తగ్గలేదు, కేసు వదల్లేదు. చివరికి దారి కాచి చంపేశారు.

బందగీ చావు జనాన్ని కదిలించలేదా అంటే.. కదిలించింది. ఆయన సమాధి దగ్గర ఇప్పటికీ జనం ఆగుతారు. ఆయన కథ ఆధారంగానే సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు మాభూమి నాటకం రాశారు. కానీ అది వచ్చింది 1947లో. అంటే చావుకీ నాటకానికీ మధ్య ఏడేళ్లు. ఆ హత్య జరిగిన వారంలో ఊళ్లు లేవలేదు. జనం ఏడ్చారు, భయపడ్డారు, ఇళ్లలోకి వెళ్లి తలుపులేసుకున్నారు.

అదే దొర. దాదాపు అవే ఊళ్లు. అదే జూలై నెల కూడా. ఆరేళ్ల తర్వాత ఇంకో చావు. ఈసారి జనం తలుపులేసుకోలేదు. తేడా చనిపోయిన మనిషిలో లేదు. బందగీ ధైర్యం కొమరయ్య ధైర్యం కన్నా తక్కువదేమీ కాదు. ఒంటరిగా కోర్టులో నిలబడటం చిన్న సంగతా? తేడా అంతా ఆ ఆరేళ్లలో ఊళ్లోకి వచ్చిన ఒక కొత్త వస్తువులో ఉంది. దాని పేరు సంఘం.

అణా సంఘం

ఆంధ్ర మహాసభ 1930లో జోగిపేటలో మొదటి సభ పెట్టుకున్నప్పుడు అది చదువుకున్న వాళ్ల సంస్థ. తెలుగుకు గౌరవం, గ్రంథాలయాలు, బడులు.. వినతిపత్రాలు. 1944లో భువనగిరి సభ నాటికి సీన్ మారింది. రావి నారాయణరెడ్డి అధ్యక్షులయ్యారు. మితవాదులు వేరైపోయారు. సభ్యత్వ రుసుము ఒక్క అణాకు తగ్గింది. రూపాయి పెట్టి సభ్యుడయ్యే స్తోమత లేని జీతగాడు, గొర్ల కాపరి, చాకలి, మంగలి అందరూ చిట్టీ తీసుకున్నారు. అందుకే జనం దాన్ని చిట్టీల సంఘం అన్నారు. తర్వాత కర్రలు పట్టాక గుతపల సంఘం అన్నారు.

చిట్టీ అంటే మామూలు కాగితం ముక్కే. కానీ దొర గుండాలు ఒకడి ఇంటి మీదకొస్తే మిగతా చిట్టీలోళ్లంతా రావాలన్నది దాని అర్థం. పాలకుర్తిలో చాకలి ఐలమ్మ కౌలు పొలం పంటను ఇదే విసునూరు దొర మనుషులు కోసుకుపోవడానికి వచ్చినప్పుడు సంఘం వాళ్లు అడ్డం నిలబడ్డారు. పంట ఐలమ్మ ఇంటికే చేరింది. ఒక చాకలి ఇంటి ఆడమనిషి దొర మీద గెలిచిందన్న కబురు ఊరూరా పాకింది.

కడవెండిలో సంఘం నడిపినవాళ్లలో ముఖ్యుడు నల్లా నర్సింహులు. దొడ్డి మల్లయ్య, కొమరయ్య అన్నదమ్ములు ఆ సంఘంలో ముందుండేవాళ్లు. వెట్టి చేయమన్నారు. యుద్ధకాలపు లెవీ ధాన్యం తమ దగ్గర గుంజి దొరల గాదెలు వదిలేయడం ఏంటని నిలదీశారు. దొరకు ఇది కొత్త అనుభవం. కోర్టు కేసు అయితే ఒక్కడిని చంపితే సరిపోయింది. ఇక్కడ ఎవరిని చంపాలి?

1946 జూలై 4.. ఆ రోజు ఏం జరిగింది?

వానాకాలం సాగు రోజులు. దొర గుండాలు కడవెండిలో సంఘం నాయకుల ఇళ్ల మీద రాళ్లు రువ్వారు. సంఘం వాళ్లు కర్రలు, వడిసెలలు పట్టుకుని బయటికొచ్చారు. ఊరేగింపు కట్టారు. నినాదాలిచ్చుకుంటూ ఊరి బాటలో నడిచారు. గడి వైపు వచ్చేసరికి బాట పక్కనే ఉన్న ఓ ఇంట్లో మాటేసిన గుండాలు తుపాకులు పేల్చారు.

ముందు వరసలో నడుస్తున్న కొమరయ్యకు పొట్టలో తూటా దిగింది. అక్కడికక్కడే ప్రాణం పోయింది. మల్లయ్యకు కాలికి తూటా తగిలింది. మంగలి కొండయ్యకు నుదుటి మీద గాయమైంది, ఆయన తమ్ముడు నర్సయ్యకూ దెబ్బ తగిలింది. పేర్లు గమనించారా? కురుమ అన్నదమ్ములు, మంగలి అన్నదమ్ములు. గొర్రెలిచ్చే ఇల్లు, దొరకు గడ్డం గీసే ఇల్లు.

ఇక్కడే అసలు మలుపు. మామూలుగా అయితే తుపాకీ పేలితే జనం చెల్లాచెదురవ్వాలి. దొర లెక్క కూడా అదే. కానీ పడిపోయిన మల్లయ్య లేచి నినాదమిచ్చారు. తమ్ముడి శవం పక్కన, కాలి నుంచి రక్తం కారుతుండగా. జనం పారిపోలేదు. గుండాలున్న ఇంటి వైపు కదిలారు. గుండాలే వెనక్కి ఉరికి గడిలో దూరారు. గడిని చుట్టుముట్టారు. కబురు అందిన పక్క ఊళ్ల వాళ్లు కూడా వచ్చి చేరారు. దొర తరఫున కత్తులు, బరిసెలతో వచ్చిన మరో గుంపును కూడా తరిమేశారు. చివరికి పోలీసులొచ్చి, చర్యలు తీసుకుంటామని చెప్పి జనాన్ని పంపేసి, గుండాలను క్షేమంగా బయటికి తీసుకుపోయారు. తర్వాత కేసులు పెట్టింది ఎవరి మీదనుకున్నారు? సంఘం వాళ్ల మీదే.

ఒక్క మాట ఇక్కడ స్పష్టంగా చెప్పుకోవాలి. రజాకార్లు కొమరయ్యను కాల్చారని అనుకునేవాళ్లు ఇవాళ కూడా చాలామంది ఉన్నారు. కాదు. 1946 జూలైలో కాల్చింది విసునూరు దేశ్‌ముఖ్ మనుషులు. రజాకార్ల దాడులు ఊళ్ల మీద ఉధృతమైంది ఆ తర్వాత, 1947, 48ల్లో. కడవెండి గొడవ మతం గొడవ కాదు. చంపించిన దొర హిందువు, ఆయన చేతుల్లో అంతకుముందు చనిపోయిన బందగీ ముస్లిం. గొడవంతా భూమి గురించి, వెట్టి గురించి. ఈ చిన్న వివరం తప్పిపోతే కొమరయ్య కథ మొత్తం ఇంకో కథ అయిపోతుంది.

చావు కబురు నడిచిన దారి

అప్పుడు ఫోన్లు లేవు, ఊళ్లలో రేడియోలు లేవు. మరి కొమరయ్య పేరు అంత వేగంగా ఎలా పాకింది? నడుచుకుంటూ పాకింది. సంఘం వాళ్లు ఎర్రజెండాలు పట్టుకుని, కర్రలతో, ఊరి నుంచి ఊరికి ఊరేగింపులు తీశారు. ఒక ఊరి జనం పక్క ఊరి దాకా వెళ్తే, ఆ ఊరి వాళ్లు కలిసి ఇంకో ఊరికి. ప్రతి చోటా గడి ముందే ఆగడం, కొమరయ్య ఎలా చనిపోయారో చెప్పడం, ఇక వెట్టి లేదని ప్రకటించడం. ఆయన మీద పాటలు కట్టారు. చదువు రాని వాళ్లకు ఆ పాటే పేపరు, ఆ పాటే చరిత్ర పుస్తకం.

పుచ్చలపల్లి సుందరయ్య రాసిన పోరాట చరిత్ర ప్రకారం కొద్ది వారాల్లోనే నల్గొండ, వరంగల్, ఖమ్మం ప్రాంతాల్లో 300 నుంచి 400 ఊళ్ల దాకా ఈ కదలిక పాకింది. వెట్టి ఆగింది. ఒక చట్టం రాలేదు, ఒక ఫర్మానా రాలేదు. జనం చేయడం మానేశారు, అంతే. చాలా ఊళ్లలో దొరలు గడులు వదిలి పట్నం చేరారు.

గమనిస్తే.. కొమరయ్య జ్ఞాపకం మొదటి వారం నుంచే ఒక పని చేస్తోంది. అది కేవలం శోకం కాదు. తుపాకీ పేలినా జనం నిలబడ్డారన్న రుజువు. కడవెండి వాళ్లు పారిపోలేదు కదా, మనమెందుకు పారిపోవాలి అన్న లెక్క. 1946 చివరి నెలల్లో పోలీసులు, సైన్యం ఊళ్ల మీద పడ్డప్పుడు బాలెంల, పాత సూర్యాపేట, దేవరుప్పుల లాంటి చోట్ల జనం వడిసెలలు, రాళ్లతో ఎదురునిలిచారు. అక్కడా మనుషులు చనిపోయారు. అప్పటికి చావు అంటే ఊరి మనసులో అర్థమే మారిపోయింది.

1947 సెప్టెంబరు 11న రావి నారాయణరెడ్డి, బద్దం ఎల్లారెడ్డి, మఖ్దూం మొహియుద్దీన్ సాయుధ పోరాటానికి పిలుపిచ్చారు. అంటే కొమరయ్య చనిపోయిన పద్నాలుగు నెలల తర్వాత. అందుకే మొదట్లో చెప్పాం.. ఆయన సాయుధ పోరాటంలో చనిపోలేదు. ఆయన చావును మోసుకుంటూ నడిచిన జనమే ఆ పోరాటం దాకా వెళ్లారు. తొలి అమరుడు అన్న బిరుదు తర్వాత వెనక్కి చూసి ఇచ్చింది.

అమరుల పేరు మీద ఎంత దూరం?

ఇక్కడి నుంచి కథ అంత తేలిక కాదు. 1948 సెప్టెంబరు 13 నుంచి 17 వరకు భారత సైన్యం చర్య, నిజాం లొంగుబాటు. రజాకార్లు పోయారు. 1949లో సర్ఫెఖాస్, జాగీర్లు కూడా రద్దయ్యాయి. మరి పోరాటం ఆపాలా, కొనసాగించాలా? రావి నారాయణరెడ్డి లాంటి వాళ్లు ఆపాలన్నారు. మిగతావాళ్లు ఒప్పుకోలేదు. సైన్యం వెనకే దొరలు ఊళ్లకు తిరిగొచ్చి, పంచిన భూములు గుంజుకుంటున్నారు, ఎలా ఆపుతామన్నది వాళ్ల వాదన. అది అబద్ధం కూడా కాదు.

కానీ ఇంకో బరువు కూడా ఆ నిర్ణయం మీద ఉంది. ఇంతమంది చనిపోయాక మధ్యలో వదిలేస్తే వాళ్ల చావుకు అర్థమేంటి? అమరుల జ్ఞాపకం ఉద్యమానికి కాళ్లిస్తుంది. ఆగాల్సిన చోట ఆగనివ్వకుండా కూడా చేస్తుంది. 1948 తర్వాతి మూడేళ్లలో అడవుల్లో, క్యాంపుల్లో పోయిన ప్రాణాలను తలుచుకుంటే ఈ రెండో ముఖాన్ని పక్కన పెట్టడం కష్టం. 1951 అక్టోబరు 21న కమ్యూనిస్టు పార్టీ పోరాటాన్ని విరమించింది. అప్పటికి సుమారు 4 వేల మంది చనిపోయారని, 10 వేల మందికి పైగా జైళ్లలో మగ్గారని సుందరయ్య లెక్క. పోరాటం పతాక స్థాయిలో ఉన్నప్పుడు 3 వేల ఊళ్లలో సంఘం పాలన నడిచింది, 10 లక్షల ఎకరాలు పంచారు. అందులో చివరికి పేదల చేతుల్లో మిగిలింది కొంతే.

అయితే భూమి ప్రశ్న దేశం మొత్తానికి వినపడింది. ఇందులో బుద్వేల్ పక్క ఊరికీ ఒక పాత్ర ఉంది. రైల్లో ఫలక్‌నుమా దాటాక బుద్వేల్‌కు ముందొచ్చే స్టేషన్ శివరాంపల్లి. 1951 ఏప్రిల్‌లో అక్కడే సర్వోదయ సమ్మేళనం జరిగింది. దానికి వినోబా భావే కాలినడకన వచ్చారు. సమ్మేళనం అయ్యాక తిరిగి ఆశ్రమానికి పోకుండా అల్లకల్లోలంగా ఉన్న తెలంగాణ పల్లెల వైపు నడిచారు. ఏప్రిల్ 18న పోచంపల్లిలో దళిత కుటుంబాలు 80 ఎకరాలు అడిగితే, వెదిరె రామచంద్రారెడ్డి 100 ఎకరాలిస్తానని ముందుకొచ్చారు. భూదానోద్యమం అలా పుట్టింది. కడవెండి లాంటి ఊళ్లు లేచి ఉండకపోతే వినోబా ఆ దారి పట్టేవారు కాదు, పోచంపల్లిలో ఆ వంద ఎకరాలు అంత తేలిగ్గా వచ్చేవీ కావు. భూస్వాములకు కూడా కొమరయ్య పేరు తెలుసు మరి.

ఆ మరుసటి ఏడాది, 1952 తొలి సార్వత్రిక ఎన్నికల్లో నల్గొండ నుంచి రావి నారాయణరెడ్డి గెలిచారు. ఆయనకు వచ్చిన ఓట్లు నెహ్రూకు వచ్చిన వాటికన్నా ఎక్కువ. జనం చనిపోయినవాళ్లను మర్చిపోలేదని చెప్పడానికి అప్పటికి అంతకన్నా పెద్ద సాక్ష్యం ఏముంటుంది?

ఒక్క కొమరయ్య.. ఎంతమంది వారసులు?

కడవెండిలో కొమరయ్య స్తూపం ఉంది. ఆ ఊళ్లో పుట్టిన పిల్లలు ఆ స్తూపం చూస్తూనే పెరుగుతారు. ఆ జ్ఞాపకం ఎంత దూరం పోయిందో చెప్పడానికి రెండు పేర్లు చాలు. పీపుల్స్‌వార్ అగ్రనేతల్లో ఒకరైన ఎర్రంరెడ్డి సంతోష్‌రెడ్డిది కడవెండే. 1999 డిసెంబరు 2న చనిపోయారు. 2025 మార్చి 31న ఛత్తీస్‌గఢ్‌లో చనిపోయిన మావోయిస్టు గుముడవెల్లి రేణుకదీ కడవెండే. ఒకే ఊరు, మూడు తరాలు. వాళ్ల దారి సరైనదా కాదా అన్నది వేరే చర్చ, దాని మీద తెలంగాణలో ఇంటికో అభిప్రాయం ఉంది. కానీ ఒక స్తూపం ఊరి పిల్లల ముందు ఒక ప్రశ్నను ఏళ్ల తరబడి నిలబెట్టే ఉంచిందన్నది మాత్రం కాదనలేం. కడవెండి తల్లులు ఆ ప్రశ్నకు ఎంత చెల్లించారో వాళ్లకే తెలుసు.

మిగతా వారసులూ ఉన్నారు. సీపీఐ, సీపీఎం ఆయన్ను తమ తొలి అమరుడంటాయి. ప్రత్యేక రాష్ట్ర ఉద్యమం ఆయన్ను తెలంగాణ ఆత్మగౌరవానికి ప్రతీకను చేసింది. బహుజన సంఘాలు దొరల మీద తిరగబడ్డ బీసీ బిడ్డగా చూస్తాయి. కురుమ సంఘాలకు ఆయన ఇంటి మనిషి. విగ్రహాల్లో ఆయన భుజాన గొంగడి ఉంటుంది, చేతిలో కర్ర ఉంటుంది. సెప్టెంబరు 17 వచ్చినప్పుడు విమోచనమా, విలీనమా, విద్రోహమా అని కొట్టుకునే పార్టీలన్నీ జూలై 4న మాత్రం ఒకే విగ్రహానికి దండ వేస్తాయి.

కులం పేరుతో తలుచుకోవడం తప్పా? కాదనే చెప్పాలి. పార్టీల చరిత్రల్లో నాయకుల పేర్లు ముందుండి, తూటాలు తిన్న గొర్ల కాపరులు, చాకళ్లు, మంగళ్లు చాలాకాలం ఒక్క వాక్యంగా మిగిలిపోయారు. కోఠి మహిళా విశ్వవిద్యాలయానికి చాకలి ఐలమ్మ పేరు వచ్చింది 2024లో. అంటే ఆమె చనిపోయిన 39 ఏళ్లకు. ఆ లోటు పూడ్చుతోంది కుల సంఘాలే. కాకపోతే కులం ఒక్కటే మిగిలి, భూమి మాట జారిపోతే మాత్రం కథ సగమే. మంగలి కొండయ్య కురుమ కాదు, నల్లా నర్సింహులు కురుమ కాదు, బందగీ హిందువు కూడా కాదు. వీళ్లంతా కలిస్తేనే సంఘం.

భూమి అంటే గుర్తొచ్చింది. 2023 ఆగస్టులో హెచ్ఎండీఏ ఇదే బుద్వేల్‌లో 100 ఎకరాలు వేలం వేసింది. సర్కారుకు 3,625 కోట్లు వచ్చాయి. ఎకరం గరిష్ఠంగా 41.75 కోట్లు పలికింది. అదే నెలలో కోకాపేటలో అయితే ఎకరం వంద కోట్లు దాటింది. కొమరయ్య పేరున్న భవనం ఆ కోకాపేటలోనే ఉంది. ఇప్పుడు గొర్లు మేపే బీడు ఆ చుట్టుపక్కల వెతికినా కనిపించదు.

ఎప్పుడైనా కడవెండి స్తూపం చూడాలనుకుంటే జనగామ వెళ్లి సూర్యాపేట రోడ్డు పట్టుకోండి. దారిలో కామారెడ్డిగూడెం దగ్గర రోడ్డు పక్కనే బందగీ సమాధి వస్తుంది. ఏటా అక్కడ ఉర్సు జరుగుతుంది. హిందువులూ వస్తారు, ముస్లింలూ వస్తారు.